కొలువులలో పీడన – మన కర్తవ్యము



ఈ మహాసభయందు విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మన బిడ్డలు కొలువులందు ప్రవేశించిన పిమ్మట వారికి గలుగు నొక బాధను గూర్చి నాలుగు మాటలు విన్నవింప గోరుచున్నాము. కొలువిప్పించుటతో మన బాధ్యత తీరినదని తలంచుట పొరపాటని మాకు అనుభవమువలన దెలిసినది.

ఆ యనుభవమును దాచక చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట మనవాడే యొక యువకుడు, మన పోషకులలో నొకరి వర్తకశాలయందు లెక్కలు వ్రాయుచుండెను. అచ్చటి పెద్ద గుమాస్తా ప్రతిదినమును నలుగురి యెదుట నతని నెగతాళి చేయుచు, తన పొరపాట్లను అతని నెత్తిన వేయుచు, సెలవడిగినచో "నీ తండ్రి బ్రతిమాలుకొనగా చేర్చుకొంటిమి" అని యెత్తిపొడుచుచుండెను. ఆ యువకుడు మా కార్యవర్గముతో మొఱపెట్టుకొనెను. మేమేమి చేసితిమి? "పెద్దవారితో పని, సర్దుకొనిపొమ్ము నాయనా" అని పంపివేసితిమి. పోషకుని మనసు నొచ్చునేమో యను భయమే మాచేత నా మాట పలికించినది. ఆఱు మాసములలో నతడు కొలువు మాని, యిల్లు కదలక, మనుష్యులతో మాటలాడుటయే మానివేసెను. ఆ దోషములో మాకును పాలు గలదు.

పని నేర్పువాడు మందలించుట పీడన కాదు. తప్పు చూపి, దిద్దుకొను మార్గము చెప్పి, అంతటితో విడుచుట శిక్షణ. పీడన గుర్తులు వేఱు: అది మాటిమాటికి జరుగును, బాధితుడు ఎదురు చెప్పలేని స్థితిలో నుండును, అది పనిని గాక మనిషినే కించపఱచును. కేకలు వేయుట మాత్రమే పీడన యనుకొనరాదు. తెలుపవలసిన సంగతి తెలుపకుండుట, సాధ్యము కాని గడువు విధించుట, పని యీయక మూల గూర్చుండబెట్టుట, ప్రొద్దుపోయిన తరువాత వాట్సాప్ బృందములో నిందించుట, ఇవియు పీడనయే.

స్వీడన్ దేశమున హైన్ట్స్ లేమన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1980 తరువాతి సంవత్సరములలో దీనిని పరిశోధించి, వారమున కొకమారైనను జరుగుచు ఆఱు మాసములైనను సాగు వేధింపును పీడనగా నిర్ణయించెను. 1993లో ఆ దేశము ప్రత్యేక నిబంధన గావించెను. 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 190వ ఒడంబడిక, ఒక్కమారు జరిగినదానిని గూడ లెక్కలోనికి దీసికొనినది. మన దేశమున స్త్రీలపై లైంగిక వేధింపును నివారించుటకు 2013 నాటి చట్టము గలదు. పదిమందియైనను పనిచేయుచోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ యుండవలెను; సాధారణముగా మూడు మాసములలోగా ఫిర్యాదు నీయవలెను.

బాధపడువారు ముందుగా చేయవలసినది వ్రాసియుంచుట. తేదీ, వేళ, పలికిన మాట, విన్నవారి పేర్లు ఏనాటి కానాడు వ్రాసికొనవలెను. ఉత్తరములను, సందేశములను భద్రపఱచుకొనవలెను. కోపమున రాజీనామా వ్రాయరాదు. ఇంటిలో నొకరికైనను చెప్పి, పిదప పై యధికారికి వ్రాతమూలకముగా దెలుపవలెను. మనసు క్రుంగినచో కేంద్ర ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదు.

పోషకులారా! మీ దానమువలననే మన వసతిగృహము నిలిచియున్నది. ఆ కృతజ్ఞత మాకు గలదు. కాని దానము పుచ్చుకొనిన నోరు అన్యాయము చూచి మూతపడరాదు. మీ దుకాణములలో, మిల్లులలో, కార్యాలయములలో మీ పేరు చెప్పుకొని యెవరు ఎవరిని పీడించుచున్నారో మీరే స్వయముగా విచారింపుడు.

ఒక స్త్రీతోకూడ ముగ్గురు సభ్యులుగల యుపసంఘము నేర్పఱచి, మొఱ రహస్యముగా విని, ఆరోపణ యెవరిపైనను వెనుదీయక యజమానితో మాటలాడవలెనని ప్రతిపాదించుచున్నాము. విచారణలో నున్న సంస్థతో సంబంధము గలవారు అందుండరాదు.

ఆ యువకుడు నేడు వేఱొక యూర కొలువు చేయుచున్నాడు. ఈ సభకు ఆహ్వానము పంపితిమి, రాలేదు. ఇక ముందు మన గుమ్మము ద్రొక్కిన మఱియొకడు అట్లు మరలిపోకుండునట్లు ఈ తీర్మానమును ఆమోదింప బ్రార్థించుచు సెలవు దీసికొనుచున్నాము.