నిలువ నీడ లేనివారు – మన బాధ్యత

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం ఏటా చలికాలంలో దుప్పట్లు పంచుతున్న సంగతి మీకు తెలిసిందే. పోయిన చలికాలంలోనూ పంచాం. రాత్రి పదకొండు దాటాక బస్టాండు నుంచి కూరగాయల మార్కెట్టు దాకా నడిచి, మూసిన కొట్ల అరుగుల మీద పడుకున్నవారికి తలా ఒకటి ఇచ్చుకుంటూ పోయాం. ఫోటో కూడా తీయించుకున్నాం. మార్కెట్టు దగ్గర ఒక పెద్దాయన లేచి కూర్చుని, దుప్పటిని చేత్తో తడిమి చూసి, "మంచి దుప్పటే బాబూ! తెల్లారి కొట్టు తెరిస్తే దీన్ని ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. ఈ రోజు మేము మీతో మాట్లాడదలచింది ఆ ప్రశ్న గురించే.

ఎవరు వీళ్ళు? సోమరులనీ, బిచ్చగాళ్ళనీ మనలో చాలామంది అనుకుంటాం. పక్కన కూర్చుని అడిగితే తెలిసింది – లారీల మూటలు దించే హమాలీలున్నారు, రిక్షా తొక్కేవారున్నారు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవారు, చిత్తుకాగితాలు ఏరుకునేవారు ఉన్నారు. కొడుకులు చూడని తల్లిదండ్రులున్నారు. పెద్దాసుపత్రిలో మనిషిని చేర్చి గేటు బయట పడుకున్న పల్లెటూరివారున్నారు. పగలంతా ఊరికి పని చేసిపెట్టేది వీళ్ళే, రాత్రయితే ఊళ్ళో చోటు లేనిదీ వీళ్ళకే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షల మంది. 2001లో 19.4 లక్షలు. తగ్గారు గదా అని సంతోషించడానికి వీల్లేదు. పల్లెల్లో తగ్గారు, పట్టణాల్లో మాత్రం 7.8 లక్షల నుంచి 9.4 లక్షలకు పెరిగారు. అదైనా రోడ్ల పక్కన, వంతెనల కింద, ప్లాట్‌ఫారాల మీద లెక్కకు దొరికినవారే. దొరకనివారు ఎందరో!

ఇళ్ళ పథకాలు లేవా అని మీరడగవచ్చు. ఉన్నాయి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద పట్టణాల్లో సొంత స్థలంలో కట్టుకునేవారికి సాయం ఇచ్చారు, బ్యాంకు అప్పు తీసుకున్నవారికి వడ్డీలో రాయితీ ఇచ్చారు. మంచిదే. కానీ స్థలమూ లేక, అప్పిచ్చే బ్యాంకూ లేక, దరఖాస్తులో రాయడానికి చిరునామా కూడా లేనివాడికి అవి అందే దారేది? అతనికి ముందు కావలసింది రాత్రికి తల దాచుకునే చోటు.

ఇది మనకు తెలియని ధర్మమేమీ కాదు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. మన పెద్దలు సరాయిలు, ముసాఫిర్‌ఖానాలు కట్టించారు. హైదరాబాదు నాంపల్లి స్టేషను దగ్గర నిజాం కాలంలో కట్టిన సరాయిని మనలో చాలామంది చూసే ఉంటారు.

ఇక సర్కారు సొమ్ము మాట. ఫుట్‌పాత్‌ల మీద బతికేవారి కోసం కేంద్రం 1988-89లోనే ఒక పథకం పెట్టింది. రాష్ట్రాలు ఆ డబ్బును సరిగా వాడుకోలేదు. 2005లో కేంద్రం దాన్ని ఆపేసింది. తర్వాత ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు కలగజేసుకుని, నగరాల్లో జనాభాను బట్టి బసలు ఏర్పాటు చేయాలని 2010లో ఆదేశించింది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషను వచ్చింది. లక్ష జనాభాకు నూరుమందికి సరిపడే బస, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, ఏడాది పొడుగునా ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలి – ఇవీ దాని నియమాలు. ఖర్చులో పెద్ద వాటా కేంద్రానిది, మిగతాది రాష్ట్రానిది. నిర్వహణకు సాయం ఐదేళ్ళు. నడిపే పని మనలాంటి సంఘాలకు అప్పగించవచ్చని కూడా అందులో ఉంది. ఆ మిషను గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. లేచిన గోడలు మాత్రం ఉన్నాయి.

అలాంటి బస మన ఊళ్ళోనూ ఒకటుంది. మార్కెట్టుకు కిలోమీటరు దూరం. ఆ పెద్దాయన అడిగిన మర్నాడే వెళ్ళి చూశాం. మంచాలున్నాయి, ఫ్యాన్లున్నాయి, స్నానాల గదులున్నాయి. సగం మంచాలు ఖాళీ! ఇటు అరుగుల మీద మనుషులు, అటు ఖాళీ మంచాలు. ఏమిటీ విడ్డూరం?

మళ్ళీ మార్కెట్టుకు పోయి ఆ పెద్దాయననే అడిగాం. "పోయాను బాబూ, వారం రోజులున్నాను. తొమ్మిదికి గేటు వేస్తారు. నా కూరగాయల లారీ వచ్చేది రాత్రి రెండింటికి. పనికి పోనా, పడుకోనా?" అన్నాడు. మరొకాయన తోపుడు బండిని లోపలికి రానివ్వరన్నాడు, బయట పెడితే తెల్లారేసరికి ఉండదట. కార్డు చూపించమంటే లేక తిరిగొచ్చినవాళ్ళున్నారు. విడిగా గది లేక ఆడవాళ్ళు ఆ గడప తొక్కడం లేదు. కాపలాదారును తిట్టి లాభం లేదు. పగలూ అతనే, రాత్రీ అతనే. ఆ జీతమైనా నెల నెలా రాదు. మనిషన్నవాడు తొమ్మిదింటికి గేటు వెయ్యక ఏం చేస్తాడు?

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. మన సంఘం సొంతంగా ఒక ముసాఫిర్‌ఖానా కట్టాలని సభ్యులు కొందరు కోరుతున్నారు. ప్లాను కూడా గీయించారు. వారి మనసు మంచిది. మన నిధితో గోడలు లేస్తాయి, స్లాబు పడుతుంది. ఆ తర్వాత కాపలాదారు జీతం, కరెంటు బిల్లు, మరుగుదొడ్లు కడిగేవారి కూలి నెల నెలా ఎక్కడి నుంచి తెస్తాం? సర్కారు పథకాలే ఇక్కడ బోల్తా పడ్డాయి. మూడో ఏట మన భవనానికీ తాళమే పడుతుంది.

అందుచేత కార్యవర్గం తరఫున మేము కోరేది ఇది. కొత్త గోడలు వద్దు. ఉన్న గేటును రాత్రంతా తెరిపిద్దాం. రాత్రికి ఇంకొక కాపలాదారు, ఆడవాళ్ళ కోసం ఒక ఆయమ్మ – ఈ ఇద్దరి జీతం మనం భరిద్దాం. ఒక్కొక్క మంచానికి ఒక ఇనుప పెట్టె, తాళం చేయిద్దాం. ఆవరణలో బండ్లకు చోటు, ఆడవాళ్ళకు విడిగా గది ఇమ్మని మున్సిపాలిటీకి రాసి అడుగుదాం. వారానికి ఇద్దరు సభ్యులు వంతుల వారీగా వెళ్ళి కార్డులకు, పింఛన్లకు దరఖాస్తులు రాసిపెట్టాలి.

సర్కారు పని మనం చేస్తే వాళ్ళు తప్పుకుంటారని కోశాధికారిగారు అన్నారు. ఆ భయం మాకూ ఉంది. అందుకే మన సాయం రెండేళ్ళకే అని కాగితం మీద రాసి ఇద్దాం, ఆ తర్వాత ఆ జీతాలు బడ్జెట్టులో పెట్టమని ఇప్పటి నుంచే అడుగుదాం. అడగడం మానితే మాత్రం తప్పు మనదే.

ఇంకొక సంగతి. ఆ బస అన్ని మతాలవారిది. జకాత్ సొమ్మును జీతాలకు, కట్టడాలకు వాడరాదని ఎక్కువమంది ఉలమాల మాట. కాబట్టి జకాత్ ఖాతాను ముట్టుకోం. సదకా, చందాల నుంచే ఈ ఖర్చు పెడదాం.

గేటు మీద మన సంఘం పేరు ఉండదు. ప్రారంభోత్సవం ఉండదు, శిలాఫలకం ఉండదు. కొందరికి అది కష్టంగా ఉంటుంది. నిజం చెప్పాలంటే మాకూ ఉంది. కానీ రాత్రి రెండింటికి మూటలు దించి వచ్చినవాడు గేటు తోసుకుని లోపలికి పోయి పడుకోగలిగితే, అతనికి మన పేరుతో పనేముంది?

ఈ తీర్మానం ఇప్పుడు మీ ముందు పెడుతున్నాం. ఆలోచించి చేతులెత్తండి. మళ్ళీ చలికాలం వస్తుంది, మళ్ళీ దుప్పట్లు పట్టుకుని మార్కెట్టుకు పోతాం. ఆ పెద్దాయన మళ్ళీ అదే ప్రశ్న అడిగితే, ఈసారి జవాబు లేకుండా నిలబడలేం.

ఖుదా హాఫిజ్.