పడిశం ముదిరితే ఎముక మందమవుతుందా?



పడిశం పది రోగాల పెట్టు అన్నారు మన పెద్దలు. ఆ పదింటిలో చాలామంది వినని ఒకదాని గురించి ఈ రోజు చెప్పదలిచాం. వైద్య శిబిరాలకు వచ్చే రోగుల్లో కొందరు స్కాన్ రిపోర్టు మా చేతికిచ్చి, "ఎముక మందమైందని రాశారు డాక్టర్ గారూ, ఇది క్యాన్సరా?" అని భయంగా అడుగుతుంటారు.

మన ముఖం ఎముకల్లో ముక్కు చుట్టూ నాలుగు జతల గాలి గదులున్నాయి. వాటినే సైనస్‌లు అంటాం. గది లోపల పల్చని పొర, దాని కిందే ఎముక. పొరలో ఊరే జిగురు సన్నని దారి గుండా ముక్కులోకి దిగిపోవాలి. వాపు వల్ల ఆ దారి మూసుకుంటే జిగురు లోపలే నిలిచిపోతుంది. ఈ బాధ 12 వారాలు దాటితే దీర్ఘకాలిక సైనసైటిస్ అంటాం. పల్లెల్లో పీనసం అనేది ఇలాంటి బాధనే.

ఏళ్ల తరబడి వాపు తగ్గకపోతే దాని సెగ కింది ఎముకకూ తగులుతుంది. అక్కడ కొత్త ఎముక పేరుకుని, పల్చని గోడ మందంగా, గట్టిగా మారుతుంది. సిటీ స్కాన్‌లో ఇది తెల్లగా కనిపిస్తుంది. చాలా సందర్భాల్లో ఇది క్యాన్సర్ కాదు, జబ్బు చాలాకాలంగా ఉందని చెప్పే గుర్తు. అయినా తేలిగ్గా తీసుకోకూడదు. ఎముక మందమైనవారిలో జబ్బు మొండికేస్తుంది, ఆపరేషన్ తర్వాత కూడా తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

రిపోర్టులో "పొర మందం" అని ఉంటే అది వేరు. మామూలు జలుబులోనూ పొర ఉబ్బి, మళ్లీ తగ్గిపోతుంది. ఒక్క వైపే జబ్బు ఉంటే మాత్రం కారణం వెతకాలి. పై దవడ పన్ను పుచ్చినా, సైనస్‌లో ఫంగస్ ఉండ కట్టినా, అరుదుగా కణితి ఉన్నా అలా జరగవచ్చు.

మందమైన ఎముకను కరిగించే గోలీ లేదు. వాపును అదుపులో ఉంచడమే మార్గం. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, డాక్టర్ రాసిన స్టెరాయిడ్ స్ప్రేను రోజూ వాడటం, అవసరమైతే ఎండోస్కోపీ ఆపరేషన్‌తో దారులు తెరవడం చేస్తాం. మందుల షాపులో అడిగి పదే పదే యాంటీబయాటిక్ వాడితే ప్రయోజనం ఉండదు. వుజూలో ముక్కు శుభ్రం చేసుకోవడం మనకు అలవాటే. చికిత్స కోసం లోపలి దాకా కడిగేటప్పుడు మాత్రం కుళాయి నీళ్లు వద్దు, మరిగించి చల్లార్చిన నీటినే వాడండి. కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనిపించడం, మెడ బిగుసుకుని తీవ్రమైన తలనొప్పి ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

దాతలకు ఒక్క మనవి. ఆపరేషన్‌కు చేసే సాయం అందరికీ కనిపిస్తుంది. కానీ రోజు కూలీ పోతుందని డాక్టర్ దగ్గరకు రాని మేస్త్రీకి, కట్టెల పొయ్యి పొగలో ముక్కు మూసుకుపోయి అవస్థపడే తల్లికి తొలి పరీక్ష, కొన్ని నెలల స్ప్రే సకాలంలో అందితే, చాలామందికి ఆ ఆపరేషన్ దాకా రావలసిన పని ఉండదు. మీరిచ్చే దాంట్లో కొంత ఆ తొలి మెట్టుకు కేటాయించండి. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక.