ఇల్లు నిలబడితేనే పిల్లలు నిలబడతారు

(ఆదివాసీ దినోత్సవ సందర్భంగా సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 వచ్చిందంటే డోలు కొడతాం, రేల పాట పాడుకుంటాం, కొమ్ములు కట్టుకుని ఆడతాం. భూమి గురించి, అడవి హక్కుల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ ఈ రోజూ ఉంటాయి. కానీ సంఘం తరఫున మేము ఈసారి పిల్లల మాట ఎత్తుకున్నాం. చదువు, ర్యాంకుల సంగతి కాదు. చిన్నతనంలో మనసుకు తగిలే దెబ్బ సంగతి.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మన గూడేల్లో చాలామంది పిల్లలు అర్ధరాత్రి ట్రాక్టర్లెక్కి బయటపడ్డారు. నీళ్లు దిగాక బియ్యం ఇచ్చారు, టార్పాలిన్లు ఇచ్చారు. గోడలు మళ్లీ లేచాయి. కానీ వాన గట్టిగా పడితే చాలు, నిద్రలోంచి లేచి అమ్మను పట్టుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఆ నష్టాన్ని ఏ సర్వేలోనూ ఎవరూ రాసుకోలేదు.

అయితే వరద అందరికీ కనపడుతుంది. ఇంట్లో జరిగేది కనపడదు. రోజూ తాగొచ్చి కొట్టే తండ్రి, మిర్చి కోతలకు వెళ్లి మూడు నెలలు రాని అమ్మానాన్న, కాన్పులో పోయిన తల్లి, పదిహేనేళ్లకే పెళ్లి మాట. 1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే డాక్టర్లు ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. చిన్నప్పుడు ఇంట్లో కొట్లాటలు, తాగుడు, లైంగిక హింస లాంటివి ఎన్ని ఎక్కువగా ఎదురైతే, పెద్దయ్యాక గుండె జబ్బు, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నం అంత ఎక్కువగా కనిపించాయని వాళ్లు తేల్చారు. వాళ్లు చూసింది మనల్ని కాదు, అక్కడి పట్నం జనాన్ని. అయినా మన గూడెంలో ఈరోజు తాగి పడిపోతున్నవాళ్ల చిన్నతనం ఎలా గడిచిందో ఒక్కసారి గుర్తు చేసుకుంటే, ఆ మాట మనకు దూరంగా అనిపించదు.

దెబ్బ తగిలిన పిల్ల చెప్పదు. కడుపునొప్పి అంటుంది. పెద్దదై కూడా పక్క తడుపుతుంది. హాస్టల్ నుంచి పారిపోయి వస్తుంది. మాట్లాడడం మానేస్తుంది, లేకపోతే అందరితో కొట్లాడుతుంది. మనవాళ్లు మొండి అంటారు, గాలి సోకిందని వడ్డె దగ్గరికి తీసుకెళ్తారు. తీసుకెళ్లనివ్వండి, పెద్దలతో దాని మీద గొడవ పడొద్దు. కానీ దాంతో పాటు ఆశా అక్కకూ చెప్పాలి, ఆస్పత్రిలోనూ చూపించాలి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు డబ్బు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఒక ఇంటి సంగతి తీసుకుందాం. ఇది ఏ ఒక్క ఇంటిదీ కాదు, మీకు తెలిసిన పది ఇళ్లను కలిపి చెబుతున్నాం. తండ్రి జ్వరంతో ఇంట్లోనే చనిపోయాడు. దినం చేశారు, చుట్టాలొచ్చారు, వెళ్లారు. తల్లికి ఇద్దరు పిల్లలు. ఆమె కూలికి పోతే చిన్నదాన్ని చూసుకోవడానికి పెద్దపిల్ల బడి మానేసింది. ఏడాది తిరిగేసరికి ఎవరో వచ్చి, చిన్నదాన్ని పట్నంలో ఏదో హోంలో పెడతాం, తిండీ చదువూ ఉచితం అన్నారు. తల్లి ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకోదు? ఆమెకు ఇంకో దారి ఎవరూ చూపించలేదు.

ఇంకో దారి ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లల్ని సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గం. ముందు ఇంట్లోనే ఉంచే ప్రయత్నం చేయాలి. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను తల్లి నుంచి వేరు చేయకూడదనే ఉద్దేశంతోనే మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ పెట్టారు. భర్త చనిపోయిన లేదా వదిలేసిన తల్లి పిల్లలకు, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో ఉన్నవాళ్లకు, తల్లీతండ్రీ లేక చుట్టాల ఇంట్లో పెరుగుతున్నవాళ్లకు ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు అది. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్తుంది.

చుట్టాల ఇంట్లో పెరిగేవాళ్లు అన్న మాటను గట్టిగా పట్టుకోండి. తల్లి పోతే పిల్లను పెద్దమ్మో, మేనమామో, అమ్మమ్మో పెంచుకోవడం మనకు కొత్త కాదు. మన గూడేల్లో అనాథ అనే మాట ఎప్పుడూ అంతగా వాడలేదు. మనం ఎప్పటినుంచో చేస్తున్న పనికి ఇప్పుడు సర్కారు నెలకు కొంత సాయం చేస్తానంటోంది. మంజూరుకు నెలలు పట్టవచ్చు, అడిగిన అందరికీ రాకపోవచ్చు. అయినా అడగని ఇంటికి మాత్రం ఎప్పటికీ రాదు.

మరి ఎందుకు అడగడం లేదు? తెలియక అనుకుంటాం. సగం అంతే. మిగతా సగం కాగితం. తండ్రి చనిపోయినట్టు కాగితం లేదు. మరణ ధృవీకరణ పత్రం లేకపోతే వితంతు పింఛను ఆగుతుంది, ఇంటి యజమాని చనిపోతే పేద కుటుంబానికి ఇచ్చే 20,000 రూపాయల జాతీయ కుటుంబ ప్రయోజన పథకం సాయం ఆగుతుంది, పిల్లల స్పాన్సర్‌షిప్ ఆగుతుంది. ఒక్క కాగితం మూడు తలుపులు మూసేస్తుంది. ఆ కాగితానికి 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శికి చెబితే ఖర్చు లేదు. 21 దాటి 30 రోజుల వరకు ఆలస్య రుసుము కడితే సరిపోతుంది. నెల దాటితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వు కోసం కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని, తెలుగు సరిగా రాని తల్లి ఎన్నిసార్లు తిరుగుతుంది? రెండోసారి వెళ్లదు. అందుకే మన గూడెంలో ఎవరైనా పోతే, దినం లోపే ఆ పేరు నమోదు చేయించడం కూడా మన ఆచారంలో ఒక భాగం కావాలని మా కోరిక. పుట్టిన బిడ్డ పేరుకూ ఇదే లెక్క.

ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీయే మొదటి అండ. 1975 అక్టోబర్ 2న మొదలైన పథకం అది. గుడ్డు, పాలు ఇచ్చే చోటు అని మాత్రమే చూస్తాం. కానీ అమ్మ పొలానికి వెళ్లినప్పుడు పిల్లను చూసే ఒక పెద్ద మనిషి అక్కడ ఉంటుంది. బరువు తగ్గితే కనిపెడుతుంది. చేతికి చుట్టే టేపు 11.5 సెంటీమీటర్లకు తక్కువ చూపిస్తే ఆ బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టు, వెంటనే ఆస్పత్రికి పంపాలి. పోషకాహార పునరావాస కేంద్రంలో తల్లీ బిడ్డా కలిసే ఉండవచ్చు. అంగన్‌వాడీ లేని గూడేలు ఇంకా ఉన్నాయి. ముఖ్యంగా ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో ఉంటున్న గుత్తికోయ కుటుంబాలు. ఆ పిల్లల్లో కొందరు కాల్పులు, కాలిన ఇళ్లు చూసి వచ్చిన ఇంటి పిల్లలు. 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి కేంద్రం లేని ఊరు అడిగితే, మూడు నెలల్లో కేంద్రం పెట్టాలి. పిల్లలు అంతకంటే తక్కువుంటే మినీ కేంద్రం అడగవచ్చు. సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వడం మనకు రాని పని కాదు.

హాస్టల్ గురించి కూడా చెప్పాలి. ఆశ్రమ పాఠశాలలు లేకపోతే ఈ సభలో సగం మంది చదువుకుని ఉండేవాళ్లు కాదు. ఆ మేలు మరువం. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు అమ్మ లేదు, ఇంటి భాష లేదు, రాత్రి లైటు ఆర్పేశాక పక్కన ఎవరూ లేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టారు. బిడ్డ తన మాటలో ఏడవగలిగితే, తన మాటలో ఓదార్పు వింటే భయం సగం తగ్గుతుంది. మీరు సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు దగ్గరి ఆశ్రమ పాఠశాలకు వెళ్లండి. వార్డెన్ అనుమతి తీసుకుని చిన్న తరగతుల పిల్లలతో మన భాషలో ఒక గంట ఆడండి, కథ చెప్పండి. దానికి ఏ పథకమూ అక్కర్లేదు.

చివరిగా ఒక కఠినమైన విషయం. పిల్ల మీద లైంగిక దాడి జరిగితే, కులపెద్దలు కూర్చుని తప్పు కట్టించి, రాజీ చేసి పంపడం కొన్నిచోట్ల ఇంకా ఉంది. పెద్దల మీద మాకు గౌరవం ఉంది. భూమి తగాదా, పెళ్లి తగాదా వాళ్లు తీర్చినంత బాగా ఏ కోర్టూ తీర్చలేదేమో. కానీ ఇది వాళ్ల పంచాయతీ కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం, తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. తప్పు డబ్బు పిల్లకు అందదు. ఆ మనిషి మాత్రం మర్నాడు అదే బావి దగ్గర ఆ పిల్లకు ఎదురవుతాడు. 1098కు ఎవరైనా, ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. ఉచితం. ఇంకో మాట: న్యాయం కోసమే అయినా ఆ పిల్ల ఫొటో, పేరు, ఊరు వాట్సాప్‌లో పెట్టకండి. అది చట్టప్రకారం నేరం. ఆ పిల్ల రేపు ఇదే ఊళ్లో బతకాలి.

సంఘం ఇప్పుడు ఒక రిజిస్టర్ మొదలుపెడుతోంది. వేదిక పక్కన బల్ల మీద ఉంది. గూడేనికి ఇద్దరు, వీలైతే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, పేరూ ఫోన్ నంబరూ రాయండి. నెలకు ఒక ఆదివారం చాలు. మొదటి పని చిన్నదే: గడిచిన ఏడాదిలో మీ గూడెంలో ఎవరెవరు చనిపోయారు, వాళ్లలో ఎవరి పేరు పంచాయతీలో నమోదు కాలేదు, ఆ ఇంట్లో పిల్లలు ఎంతమంది, ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నారు. రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. ఏడాది నిండడానికి దగ్గరలో ఉన్న పేర్లు ముందు రాయండి, వాటి పని ముందు మొదలుపెడదాం.

జై ఆదివాసీ.