పాలసీలో ఒక ఖాళీ గడి



2025 జూన్ 12న, మన గడియారాల్లో రాత్రి పదకొండుంపావు దాటాక, ప్రపంచంలో ఎన్నో వెబ్ సేవలు ఒక్కసారిగా మొరాయించాయి. స్పాటిఫై, డిస్కార్డ్ కూడా వాటిలో ఉన్నాయి. మూలం గూగుల్ క్లౌడ్‌లో దొరికింది: ఒక పాలసీలో నింపకుండా వదిలేసిన గడులు.

అక్కడికి వచ్చే ప్రతి అభ్యర్థననూ ‘సర్వీస్ కంట్రోల్’ అనే ప్రోగ్రాం ముందు పరిశీలిస్తుంది. అనుమతి ఉందా, కోటా మిగిలిందా అని పాలసీ చూసి తేలుస్తుంది. మే 29న అందులో కోటా తనిఖీకి కొత్త కోడ్ చేర్చారు. దాన్ని కదిలించే పాలసీ ఏదీ రాకపోవడంతో రెండు వారాలు ఏ గొడవా లేదు. జూన్ 12న ఖాళీ గడుల పాలసీ వచ్చి, సెకన్లలో అన్ని ప్రాంతాలకూ చేరిపోయింది. కోడ్ ఒక ఖాళీ గడిలోకి చూసింది, ప్రోగ్రాం కూలింది. మళ్లీ లేచింది, మళ్లీ అదే గడి చూసి కూలింది.

కంప్యూటర్ జ్ఞాపకంలో ఒక వస్తువు ఎక్కడుందో చూపేది పాయింటర్. అది దేన్నీ చూపకపోతే నల్. ఖాళీ గడిలో కోడ్‌కు ఎదురైంది అదే. చిరునామా లేని ఉత్తరం పట్టుకుని బయల్దేరిన పోస్ట్‌మన్ పరిస్థితే ప్రోగ్రాంది. ఈ నల్ ఏర్పాటును 1965లో ఆల్గోల్ డబ్ల్యూ భాషలో పెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో తానే దాన్ని వంద కోట్ల డాలర్ల పొరపాటు అన్నారు.

ప్రోగ్రాం కోడ్‌లోని ఏ వరుస దగ్గర కూలిందో లాగ్ చూపిస్తుంది. చాలామంది అక్కడే ‘నల్ అయితే దాటెయ్’ అని ఒక షరతు పెట్టి చేతులు దులుపుకుంటారు. పాలసీల విషయంలో అది ప్రమాదం. కోటా గడి ఖాళీగా ఉంటే అభ్యర్థనను పోనివ్వవచ్చు. పెద్ద నష్టం లేదు. ‘ఎవరికి ప్రవేశం’ అన్న గడి ఖాళీగా ఉంటే? అక్కడ తలుపు మూసే ఉంచాలి. ఈ నిర్ణయం మనిషి ముందే తీసుకోవాలి. ఆ ఖాళీని లోపలికి రానిచ్చింది ఎవరో కూడా వెతకాలి.

గూగుల్ ఇంజినీర్లు పది నిమిషాల్లోనే కారణం పట్టుకున్నారు. అయినా అమెరికాలోని ఒక పెద్ద ప్రాంతం తేరుకోవడానికి రెండున్నర గంటలు దాటింది. ఎందుకంటే అక్కడి సర్వర్లన్నీ ఒకేసారి లేచి డేటాబేస్ మీద పడ్డాయి.

ఇక్కడ కూర్చున్న ఇంజినీరింగ్ విద్యార్థులను ఒకటే కోరుతున్నాను. మీ ప్రాజెక్టుకు ఈ వారమే ఒక ఖాళీ పాలసీ ఇచ్చి చూడండి.