ఆశ అక్కకు వేసిన జరిమానా

పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఈ పుస్తకంలో ఎలాగూ ఉన్నాయి. మేము మా సంఘంలో జరిగిన ఒక తప్పు చెప్పుకుందామని నిలబడ్డాం.

మా ఊరి ఆశ అక్క మా సంఘంలో సభ్యురాలే. పొదుపు ఏ నెలా ఆపలేదు. కానీ మీటింగుకు ఎప్పుడూ ఆలస్యమే. మా మీటింగు బుధవారం. పంచసూత్రాల్లో మొదటిది మీటింగే కదా అని మినిట్స్ పుస్తకంలో రాసి మూడుసార్లు పదేసి రూపాయలు జరిమానా వేశాం. ఆమె మారు మాట్లాడకుండా కట్టింది. "ఊరంతా తిరగడమేగా, అదేం పని" అని కూడా అన్నాం.

ఆ రోజుల్లో మాలో ఒకామెకు ఎనిమిదో నెల. బుధవారం ఏ.ఎన్.ఎం. మేడం దగ్గర పరీక్ష ఉందని ఆశ అక్క రెండుసార్లు ఇంటికెళ్ళి చెప్పింది. అదే రోజు మేము లోను పేపర్ల మీద సంతకాలు పెట్టుకున్నాం. రాకపోతే జరిమానా అని కబురు పంపింది మేమే. పాపం, ఆమె పరీక్ష మానుకుని మీటింగుకొచ్చింది. తలనొప్పిగా ఉందంది, కాళ్ళూ ముఖమూ వాచి ఉన్నాయి. "కడుపుతో ఉన్నప్పుడు నీరు పట్టడం మామూలేలే" అన్నాం.

సాయంత్రం లిస్టులో ఆమె పేరు దగ్గర టిక్కు లేదని ఆశ అక్క వాళ్ళింటికెళ్ళింది. ముఖం చూసి, బస్సెక్కబోతున్న మేడంను వెనక్కి పిలుచుకొచ్చింది. బీపీ 170/110 ఉంది. 108కి ఫోన్ చేసి, బండిలో ఆశ అక్కే తోడు వెళ్ళింది. నెలలు నిండకుండానే కాన్పయింది. బిడ్డ కేజీన్నర. బాక్సులో 20 రోజులు ఉంచారు. దేవుడి దయవల్ల ఇద్దరూ దక్కారు.

తర్వాత మేము ముగ్గురం ఒక రోజంతా ఆశ అక్క వెంట తిరిగాం. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశలు వచ్చారు, సుమారు వెయ్యి మంది జనాభాకు ఒకరు. పొద్దున్నే బాలింత ఇంటికి వెళ్ళాం. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్ళి చూడాలట. బరువు తూచింది, జ్వరం చూసింది, బొడ్డు చూసింది, పాలు పట్టే తీరు చూసింది. తర్వాత టీబీ ఉన్న తాతతో మాత్ర మింగించింది. 30 ఏళ్ళు దాటినవాళ్ళను బీపీ, షుగరు పరీక్షకు రమ్మని ఇల్లిల్లూ తిరిగింది. కలుపుకెళ్ళిన తల్లి కోసం గట్టు వెంబడి నడిచి, బిడ్డకు టీకా రోజు గుర్తుచేసింది. రాత్రి రిజిస్టరు రాసుకుంది. మాకైతే కాళ్ళు లాగేశాయి.

ఆ వారమే తీర్మానం రాశాం. మీటింగు సోమవారం రాత్రికి మార్చాం. పరీక్షకో, టీకాకో వెళ్ళినవాళ్ళకు జరిమానా లేదు. ఆశ అక్క దగ్గర వసూలు చేసిన 30 రూపాయలు తిరిగిస్తే ఆమె తీసుకోలేదు. ఆమె పొదుపులోనే జమ చేశాం.

ఇప్పుడు మీటింగులో పొదుపు కంటే ముందు గర్భిణుల కార్డు చూస్తాం. ఐరన్ మాత్రలు 180 రోజులు మింగాలి, టీతో మాత్రం వద్దు. మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదు. ముఖం వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, కడుపు పైభాగాన నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఆ బిడ్డ ఇప్పుడు మా మీటింగు చాప మీద పాకుతున్నాడు. అక్కల్లారా, మీ ఊళ్ళో టీకాలు, పరీక్షలు ఏ రోజో, మీ మీటింగు ఏ రోజో ఒకసారి చూసుకోండి. రెండూ ఒకే రోజైతే మార్చాల్సింది మన మీటింగే.