ఇంటిలెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున నిర్విఘ్నముగా సాగుచున్న గ్రంథాలయపు రజతోత్సవమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. వారి ఆదరమునకు కృతజ్ఞుడను. కవులును పండితులును నిలువదగిన ఈ వేదికపై లెక్కల పంతులునకు పని యేమి యని కొందరికి తోచవచ్చును. కాని మన భాషలో గణితము క్రొత్త విషయము కాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యులు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చెను. ఆ మహావీరుని గ్రంథములో వడ్డీ లెక్కలకు తగినంత చోటు కలదు. నాడు పండితులు చిన్నచూపు చూడని విషయమును నేడు మనము చిన్నచూపు చూడనక్కరలేదు.

ముందుగా మా యింటి ముచ్చట యొకటి విన్నవించెదను.

నా చిన్నతనమున మేడ్చలు, శామీరుపేట ప్రాంతములలో ద్రాక్షతోటలు విరివిగా నుండెడివి. మా తండ్రిగారును ఒక చిన్న తోట వేయదలచి, పందిరి రాళ్లకును తీగెకును వెయ్యి రూపాయలు అప్పు తెచ్చిరి. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. ఒక యేడు వాన చెడగొట్టెను; మరియొక యేడు మా అక్క పెండ్లి వచ్చెను. వడ్డీ కట్టలేదు. ప్రామిసరీ నోటుకు మూడేండ్ల గడువు దాటినచో దావా చెల్లదు గనుక, మూడవ యేడు నిండక మునుపే నోటు తిరగవ్రాయించుకొనుట అప్పులిచ్చువారి వాడుక. అట్లే వ్రాయించుకొనిరి. వెయ్యికి మూడేండ్ల వడ్డీ 720 రూపాయలు. క్రొత్త నోటులో అసలు 1,720 రూపాయలని వ్రాసిరి. ఆరవ యేట మరల తిరగవ్రాసిరి. అసలు 2,958 రూపాయలాయెను. తొమ్మిదవ యేట లెక్క చూడగా బాకీ 5,088 రూపాయలు. ఒక యెకరము నేల అమ్మి మా తండ్రిగారు ఆ బాకీ తీర్చిరి.

బారువడ్డీయే అయినచో తొమ్మిదేండ్లకు వడ్డీ 2,160 రూపాయలు. అసలుతో కూడి 3,160 రూపాయలు. తక్కిన 1,928 రూపాయలు ఎక్కడినుండి వచ్చెను? రెండు సంతకములనుండి వచ్చెను. నోటు తిరగవ్రాసిన ప్రతిసారియు వడ్డీ అసలుగా మారెను; ఆ వడ్డీకి మరల వడ్డీ పుట్టెను. అప్పు ఇచ్చినవారు మోసము చేయలేదు. వ్రాసినదే వసూలు చేసికొనిరి. మా తండ్రిగారును బారువడ్డీకే తెచ్చితిననుకొనిరి. ఆ సంవత్సరమే నేను బడిలో చక్రవడ్డీ లెక్కలు చేసి నూటికి నూరు మార్కులు తెచ్చుకొంటిని. మా యింటి దూలమున వ్రేలాడు సంచిలో అదే లెక్క ఉన్నదని నాకు తెలియలేదు. బడిలెక్కకును ఇంటిలెక్కకును నడుమ గోడ ఉన్నదని నేనును నమ్మితిని. ఆ గోడను తీసివేయుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

ఇక విషయమునకు వచ్చెదను. మన పల్లెలలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుదురు. బ్యాంకులు సంవత్సరమునకు నూటికి ఇంత శాతమని చెప్పును. రెంటిని పోల్చవలెనన్న నెలవడ్డీని పండ్రెండుచే హెచ్చవేయవలెను. పావలా వడ్డీ యనగా సంవత్సరమునకు 3 శాతము. అర్ధరూపాయి వడ్డీ 6 శాతము. రూపాయి వడ్డీ 12. రెండు రూపాయలు 24. మూడు రూపాయలు 36. ఐదు రూపాయలు 60 శాతము. ‘రెండు రూపాయలే కదా’ అను మాటలో ‘ఇరువది నాలుగు’ దాగియున్నది.

2025–26 నాటి ఏర్పాటు ప్రకారము మూడు లక్షలలోపు స్వల్పకాలిక పంటఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులో చెల్లించిన రైతునకు 3 శాతము తగ్గింపు కలదు గనుక నికరముగా పడునది 4 శాతమే. లక్ష రూపాయలకు ఏడాదికి అది 4,000 రూపాయలు. అదే లక్ష రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో 24,000 రూపాయలు. బ్యాంకు చుట్టు నాలుగు మారులు తిరుగుట కష్టమే; కాని ఆ తిరుగుటకు కూలి 20,000 రూపాయలని గ్రహింపవలెను.

చక్రవడ్డీకి ఒక సులభ సూత్రము కలదు. 72ను వడ్డీ శాతముచే భాగించినచో సొమ్ము రెట్టింపగుటకు పట్టు ఏండ్లు రమారమిగా వచ్చును. 6 శాతమునకు పండ్రెండేండ్లు. 8 శాతమునకు తొమ్మిదేండ్లు. 24 శాతమునకు మూడేండ్లు. దాచుకొన్న సొమ్మునకు ఈ సూత్రము మిత్రము, తీర్చని అప్పునకు శత్రువు.

ఇక వాయిదాల అప్పు సంగతి. మన గ్రంథాలయమునకు వచ్చు చెల్లెలొకరు కుట్టుమిషను కొనుటకు 12,000 రూపాయల అప్పు కాగితముతో నాయొద్దకు వచ్చినది. “రూపాయి వడ్డే గద సారూ, ఏమెక్కువ?” అని అడిగినది. కాగితములో 12,000కు ఏడాది వడ్డీ 1,440 కలిపి, మొత్తము 13,440 రూపాయలను పండ్రెండు నెలలకు నెలకు 1,120 చొప్పున కట్టవలెనని యున్నది. చూచుటకు 12 శాతమే. కాని ఆమె 12,000 రూపాయలను ఏడాది పొడుగున వాడుకొనుట లేదు. మొదటి నెలలో ఆమెచేత నున్నది 12,000. నెలనెలకు అసలు తగ్గుచు, కడపటి నెలలో నున్నది దాదాపు వెయ్యియే. సగటున ఆమె వాడుకొన్నది 6,500 రూపాయలు. 6,500 రూపాయలకు 1,440 వడ్డీ యన్న శాతమెంత? ఇరువదిరెండు. వాయిదాల లెక్కను సూక్ష్మముగా వేసినను రమారమి ఇరువదియొకటిన్నర యగును. మిగిలియున్న అసలుపైననే 12 శాతము వడ్డీ వేయు పద్ధతిలో ఆమె వాయిదా 1,066 రూపాయలు, ఏడాది వడ్డీ 794 రూపాయలు మాత్రమే యగును. మొదటనే కోసికొను రుసుము ఉన్నచో అసలు శాతము ఇంకను పెరుగును.

కనుక అడుగవలసిన ప్రశ్న ‘వడ్డీ ఎంత?’ అనునది కాదు. ‘వడ్డీ మొదటి అసలుపైననా, మిగిలిన అసలుపైననా? అన్ని రుసుములు కలిపి సాలుకు ఎంత శాతము?’ అనునది. ఈ ప్రశ్నకు జవాబును వ్రాతమూలకముగా ఈయవలెనని రిజర్వు బ్యాంకు నిబంధన కలదు. 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులును ఫైనాన్సు సంస్థలును వ్యక్తులకిచ్చు కాలపరిమితి అప్పులకు ముఖ్యాంశముల పత్రము నొకదానిని ఈయవలెను. అందులో అన్ని ఖర్చులు కలిసిన వార్షిక శాతము ఉండవలెను. అర్థమగు భాషలో ఆ పత్రమును అడుగుట మన హక్కు.

చిన్న అప్పులు పెద్ద దుఃఖములు తెచ్చిన కాలమును మనము చూచితిమి. 2010లో సూక్ష్మఋణముల వసూళ్ల ఒత్తిడి వలన నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. 2020 డిసెంబరులో ఫోనుద్వారా క్షణములో అప్పులిచ్చి, పిదప బంధుమిత్రులకెల్ల ఫోనులు చేసి అవమానించిన ముఠాలపై హైదరాబాదు ప్రాంతపు పోలీసులు కేసులు పెట్టి పలువురిని నిర్బంధించిరి. 2022 నాటి రిజర్వు బ్యాంకు నియమముల ప్రకారము సూక్ష్మఋణము తీసికొను కుటుంబపు నెలవారీ వాయిదాలన్నియు కలిసి ఆ కుటుంబపు ఆదాయములో సగమును మించరాదు. నా మనవి యేమనగా, సగము చట్టమువారి హద్దు. మన హద్దు మూడవవంతుగా ఉంచుకొందము. జ్వరము వచ్చిన నెలకూడ వాయిదా ఆగదు.

అప్పు తరువాత జీతము. ద్రాక్షపందిళ్ల స్థానమున నేడు కర్మాగారములు వెలసినవి. శామీరుపేట వైపు జీనోమ్ వ్యాలీలో మందుల పరిశోధనాలయములున్నవి. మన బిడ్డలు నెలజీతగాండ్రయిరి. కాని జీతపు చీటీ చదువువారు అరుదు. ఒక ఉదాహరణము చూతము. మొత్తము జీతము 18,000. అందు మూలవేతనము 12,000 అనుకొందము. 2025 నాటి రేట్ల ప్రకారము భవిష్యనిధికి మూలవేతనములో 12 శాతము, అనగా 1,440. కార్మిక బీమా ఇ.ఎస్.ఐ.కి మొత్తములో ముప్పాతిక శాతము, అనగా 135, వృత్తిపన్ను 150. మూడును కలిసి 1,725 రూపాయలు పోగా చేతికి వచ్చునది 16,275.

‘1,725 కోసిరి’ అని మనవారు వగచుదురు. వృత్తిపన్ను ఖర్చే, కాని ఇ.ఎస్.ఐ. కుటుంబ వైద్యమునకు హామీ. భవిష్యనిధి మన సొమ్మే. యజమానియు మరియొక 1,440 వేయవలెను. అందు దాదాపు 1,000 పింఛనునకు పోగా 440 మన నిధిలో చేరును. అనగా నెలకు 1,880 రూపాయలు నిలువ యగును. 2024–25 సంవత్సరమునకు ఈ నిధిపై వడ్డీ 8.25 శాతము. జీతమును రేటును మారకయే యుండినను ఇరువదేండ్లకు వేసినది నాలుగున్నర లక్షలు, చేరునది రమారమి పదునొకండు లక్షలు. ఉద్యోగము మారిన ప్రతిసారి ఈ సొమ్మును తీసి ఖర్చుచేయు యువకుడు పదునొకండు లక్షల చెట్టును మొలకదశలోనే పెరికివేయుచున్నాడు. ఖాతాను క్రొత్త చోటికి మార్పించుకొనవలెను. యజమాని తన వంతు కట్టినాడో లేదో పుస్తకమును ఫోనులో చూచుకొనవలెను.

ఆదాయపు పన్నును గూర్చి ఒక అపోహ తొలగించెదను. హద్దు దాటినచో ఆదాయమంతటికి హెచ్చు పన్ను పడునని భయపడువారు కలరు. పన్ను మెట్లుమెట్లుగా పడును. 2025–26 సంవత్సరపు క్రొత్త విధానములో మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. తరువాతి నాలుగు లక్షలకు 5 శాతము. ఆపై నాలుగు లక్షలకు 10. ఆపై నాలుగు లక్షలకు 15 శాతము. జీతగానికి 75,000 తగ్గింపు కలదు. జీతము 13,75,000 అయినచో లెక్కకు వచ్చునది 13 లక్షలు. పన్ను 20,000, 40,000, 15,000 కలిసి 75,000, నూటికి నాలుగు చొప్పున సెస్సు 3,000, మొత్తము 78,000. లెక్కకు వచ్చు జీతాదాయము 12 లక్షలలోపైనచో రాయితీవలన పన్నే లేదు. బ్యాంకువారు డిపాజిట్ల వడ్డీలో ముందుగా పన్ను పట్టుకొన్నచో, పన్ను పడని వారు రిటర్ను దాఖలుచేసి దానిని తిరిగి పొందవచ్చును.

పొదుపు విషయమున నేను చెప్పునది స్వల్పము. ఖర్చులు పోగా మిగిలినది దాచెదమన్నచో ఏనాడును మిగలదు. జీతము వచ్చిన నాడే దాచవలెను. 2025లో తపాలా కార్యాలయపు నెలవారీ డిపాజిటుపై వడ్డీ 6.7 శాతము. నెలకు 1,000 చొప్పున అయిదేండ్లు వేసిన 60,000 రూపాయలు 71,366 రూపాయలగును. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యాంకులో అయిదు లక్షల వరకు బీమా కలదు.

చీటీలు మన ప్రజలకు మిక్కిలి ప్రియమైనవి. ఇరువది మంది నెలకు 5,000 చొప్పున లక్ష రూపాయల చీటీ వేసిరనుకొందము. ఒకరు 25,000 తగ్గించి పాడి 75,000 పుచ్చుకొనిరి. నిర్వాహకుని కమీషను 5,000 పోగా 20,000 ఇరువది మందికి వేయి చొప్పున వచ్చును; ఆ నెల కట్టవలసినది 4,000. ముందు పాడినవానికి ఇది అప్పు, వెనుక ఉన్నవానికి పొదుపు. 1982 నాటి చిట్‌ఫండుల చట్టము క్రింద రిజిస్టరు చేయని చీటీకి రక్షణ లేదు. 2019 సవరణ ప్రకారము కమీషను 7 శాతమును మించరాదు. నెలకు పది రూపాయల వడ్డీ ఇచ్చెదమను వారు ఏటికి 120 శాతము ఏ వ్యాపారములో సంపాదింతురో అడుగుడు. క్రొత్తగా వచ్చువాని సొమ్మే పాతవానికి వడ్డీ యగుచుండును. రాక ఆగిన నాడు అసలు కూడ దక్కదు.

కడపట భూమిమాట. వలయరహదారి వచ్చిన పిదప మన నేలకు ఎన్నడు లేని విలువ వచ్చెను, పలువురు అమ్మిరి. కోటి రూపాయలు 7 శాతమునకు దాచినచో నెలకు 58,000 పైచిలుకు వచ్చును. అది ఘనముగానే తోచును. కాని ధరలు ఏటికి 5 శాతము పెరిగినచో, మన 72 సూత్రము ప్రకారము, పదునాలుగేండ్లకు ఆ 58,000 నేటి 29,000తో సమానము. వచ్చిన వడ్డీనంతయు తినువాడు అసలును మెల్లగా తినుచున్నాడని తెలిసికొనవలెను. కొంత వడ్డీని అసలులో కలుపుచుండవలెను. అమ్మకమునకు ముందే పన్ను సంగతియు విచారింపవలెను: పట్టణ జనసంఖ్యను బట్టి పురపాలక సరిహద్దునకు రెండు, ఆరు, ఎనిమిది కిలోమీటర్లలోపల నున్న సాగునేలకు లాభముపై పన్ను పడును; దూరమున నున్న గ్రామసీమ సాగునేలకు పడదు.

సభ్యులారా! 1956లో మొదలైన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు మన తెలంగాణములోనే, రైతులు కలిసి లెక్క సరిగా ఉంచుకొన్నచో ఎంత సాధింపవచ్చునో చూపినది. అంత పని మనము నేడే చేయలేకపోవచ్చును. కాని ఈ గ్రంథాలయమున రెండు పనులు చేయవచ్చును. నెలవడ్డీని సంవత్సర శాతముగా చూపు పట్టికను వాకిట నల్లబల్లపై వ్రాయింతము. ఆదివారము సాయంకాలము ఒక గంట, ఎవరి కాగితమునైనను సంతకమునకు ముందు చదివి లెక్క చెప్పుటకు పదవ తరగతి బాలబాలికలను కూర్చుండబెట్టుదము. తప్పొప్పులు చూచుటకు నేను వత్తును. కుట్టుమిషను కొనగోరిన మన చెల్లెలు ఆ కాగితముపై సంతకము చేయలేదు. తన మహిళాసంఘమునుండి తక్కువ వడ్డీకి తెచ్చుకొన్నది.

మా తండ్రిగారు అమ్మిన నేల ఇక రాదు. ఆ నోటులు మూడును నాయొద్ద నున్నవి. వానిని నేడు ఈ గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. మన పిల్లలు చక్రవడ్డీ నేర్చుకొను దినమున వానిని చూపుడని ప్రార్థించుచు, ఈ సంస్థ స్వర్ణోత్సవమును కూడ జరుపుకొనవలెనని కోరుచు విరమించుచున్నాను.