బొమ్మ కాళ్ళక్రింది పీఠము

ఒక్క మిల్లీమీటరు మందముగల ప్లాస్టిక్కు ముక్కను మామూలుగా ఎవరును లెక్కచేయరు. కాని బొమ్మల లోకములో దాని లెక్క వేరు. 1:72 కొలతలో చేసిన మనిషిబొమ్మ సుమారు 24 మిల్లీమీటర్ల ఎత్తుండును. అది సుమారు అయిదడుగుల ఎనిమిదంగుళముల మనిషికి సమానము. ఆ బొమ్మ కాళ్ళక్రింద మిల్లీమీటరు పీఠమున్నచో, ఆ మనిషి 72 మిల్లీమీటర్ల దిమ్మెపై, అనగా బెత్తెడెత్తు అరుగుపై నిలిచినట్లు. బజారులో కూరలు బేరమాడు స్త్రీయును, ప్లాట్‌ఫారముపై బండికై ఎదురుచూచు ప్రయాణికుడును, ఎవరి అరుగును వారు కాళ్ళకు కట్టుకొని వచ్చినట్లుందురు. ఇంటి గోడలు, చెట్లు, దీపస్తంభములు ఎంత శ్రద్ధగా చేసినను, చూచువాని కన్ను ముందుగా పోవునది అక్కడికే.

అట్లని ఆ బొమ్మలు చేసినవారిని తప్పుపట్టుటకు వీలులేదు. రెండు పాదములపై, అందును ఒక కాలెత్తి నడచుచున్న భంగిమలో, అంత తేలిక బొమ్మ నిలువజాలదు. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1959లో చిన్న కొలత సైనికుల బొమ్మలను తొలిసారి వెలువరించినపుడు, వారు కాళ్ళక్రింది నేలముక్కతో సహా ఒకే అచ్చులో పుట్టిరి. పిల్లలు వరుసగా నిలిపి ఆడుకొనుటకు అది కావలెను. దృశ్యమును కూర్చువానికి మాత్రమే అది అడ్డు.

ఆ దృశ్యమునకే నేడు డయోరమా అని పేరు. 1822లో పారిస్ నగరమున దగేర్ తెరచిన ప్రదర్శనశాల పేరది. అక్కడ చూపినది పెద్ద తెరలపై వెలుగునీడల మార్పు; చిట్టిబొమ్మలతో దానికి పనిలేదు. పేరు మాత్రము ఇటు వలస వచ్చినది. బొమ్మలకొలువులో ఇసుక పోసి, ఆవాలు మొలిపించి, పల్లెను తీర్చిదిద్దు మన తల్లులకు ఈ విద్య బొత్తిగా క్రొత్తది కాదు. బొమ్మ పీఠము కనబడుచున్నచో వారు దానిని కోయరు, ఇసుకలో కూరుదురు. ఆ ఉపాయము వద్దకు మేము మరల వచ్చెదము.

మాకీ విషయము పుస్తకముల వలన గాక బొటనవ్రేలి గాయము వలన తెలిసినది. మా తండ్రిగారు రైల్వేలో గార్డుగా పనిచేసిరి. మా చిన్నతనమున ఆయన కొనితెచ్చిన ఆరు ప్లాస్టిక్కు బొమ్మలు మాయింట మిగిలియుండెను. అందొకటి జెండా ఎత్తిన గార్డు. తండ్రిగారు గతించిన పిదప, ఆయన చిరకాలము పనిచేసిన చిన్న స్టేషనును ఒక చెక్కపలకపై కట్టి నిలుపవలెనని మాకు తోచినది. మొదట చేతికి వచ్చినది సామాను మోయు కూలీ. దానిని రెండు వ్రేళ్ళ నడుమ పట్టి, పెన్సిళ్ళు చెక్కిన పాత బ్లేడుతో సరిగా చీలమండ వద్ద ఒత్తితిమి. బ్లేడు ఎంతసేపటికిని కదలలేదు. మరికొంచెము బలము చేయగా ఒక్కమారుగా జారినది. కూలీకి పాదములు పోయినవి; మా వ్రేలికి నాలుగు కుట్లు పడినవి. వ్రేలు పదిదినములలో మానినది. ఆ బొమ్మవంటిది మరల దొరకలేదు.

మొద్దుబారిన బ్లేడే క్షేమమని చాలమంది భ్రమింతురు. నిజము దీనికి విపరీతము. వాడి బ్లేడు తక్కువ బలముతో తెగును గనుక చేయి అదుపు తప్పదు. బ్లేడు క్రొత్తదై, మంచి పిడిగలదై యుండవలెను. బొమ్మను వ్రేళ్ళతో పట్టరాదు. మైనపు ముద్దలో నడుమువరకు తలక్రిందులుగా పాతి, ముద్దను బల్లకు అదిమి, పీఠము పైకి వచ్చునట్లు చేయవలెను. బ్లేడు పోవు దారిలో రెండవ చేయి ఉండరాదు. ఈ పనిని పిల్లలకు ఒప్పగింపరాదు. వారు ప్రక్కన కూర్చుండి రంగులు కలుపవచ్చును.

అసలు కోయుటకు ముందు ఆ బొమ్మ ఏ ప్లాస్టిక్కుతో చేసినదో తెలిసికొనుట మేలు. వంచిన వంగు ఆటబొమ్మలు తరచు పాలిథీన్‌వి. టక్కున విరుగు గట్టి బొమ్మలు పాలిస్టిరీన్‌వి. రంగులు వేసియే అమ్మెడి రబ్బరువంటి బొమ్మలు పలుమారు పి.వి.సి.వి. పీఠపు అంచునుండి రంగులేని గోరంత ముక్కను తీసి, సబ్బుచుక్క కలిపిన గ్లాసెడు నీటిలో ముంచి విడువుడు. తేలినచో పాలిథీన్. మునిగినచో, రెండు పెద్దచెంచాల ఉప్పు ఆ నీటిలో కరిగించి చూడుడు. ఇపుడు పైకి వచ్చినది పాలిస్టిరీన్ అనియు, అడుగుననే యున్నది పి.వి.సి. అనియు చాలవరకు నమ్మవచ్చును.

ఈ పరీక్ష వట్టి వేడుక కాదు. పాలిస్టిరీన్ అయినచో పీఠమును సన్నపళ్ళ రంపముతో కోసి, మిగిలిన పొరను తడిపిన ఉప్పుకాగితముపై గుండ్రముగా రుద్ది అరగదీయవచ్చును. తడి ఎందుకన్న, ధూళి లేచి ముక్కులోనికి పోకుండుటకు. పాలిథీన్ అట్లు అరుగదు. రుద్దినకొలది నూగువలె పీచులేచును. దానిని బ్లేడుతో పలుచని పొరలుగా చెక్కవలసినదే.

ఏ ప్లాస్టిక్కైనను ముఖ్యసూత్రమొక్కటి: కోయవలసినది పీఠమును, కాళ్ళను కాదు. చిన్న కటింగ్ ప్లేయరుతో పీఠపు అంచులను దూరమునుండి కొరుకుచు రావలెను. బూటు దాపునకు వచ్చిన కొలది ముక్కలు చిన్నవి కావలెను. బూటునకు అరమిల్లీమీటరు దూరమున ప్లేయరును విడిచి బ్లేడు పట్టవలెను, ఏలయన ప్లేయరు నొక్కు సన్నని చీలమండను మెలిపెట్టి విరుచును. తెగిన ముక్కలు రవ్వలవలె కంటికెగురును. కళ్ళద్దములు పెట్టుకొనక ఈ పని చేయరాదు. రెండు పాదముల నడుమనున్న ముక్కను చిట్టచివరకు తీయవలెను. అది యున్నంతసేపు రెండు కాళ్ళను కలిపి పట్టియుంచును.

కొన్ని బొమ్మలు పీఠముతో కలిసి పుట్టక, సూపర్ గ్లూ అని మనము పిలుచు జిగురుతో అతికినవై యుండును. వానిని కోయనక్కరయే లేదు. ఫ్రిజ్‌లోని మంచు అరలో కొన్నిగంటలు ఉంచినచో ఆ జిగురు పెళుసెక్కును. బయటకు తీసి పీఠమును మెల్లగా మెలిపెట్టగనే చాలమారులు టక్కున విడివడును. విడివడనిచో బలవంతము చేయక మరల చల్లబరచుటయే మేలు. గోళ్ళరంగు చెరిపెడి ఎసిటోను ఆ జిగురును కరగించుననుట నిజమే. కాని అది పాలిస్టిరీన్ బొమ్మను కూడ కరగించును. పి.వి.సి. బొమ్మ మొండికెత్తినచో కాళ్ళను కొన్ని క్షణములు వేడినీటిలో ముంచిన మెత్తబడును. పని ముగిసిన వెంటనే చన్నీట ముంచి భంగిమను సరిదిద్దవలెను. బ్లేడునే నిప్పుపై కాల్చి కోయుట తేలికయని కొందరందురు. అది మాత్రము వలదు. కాలిన పి.వి.సి.నుండి ఊపిరితిత్తులను కాల్చెడి ఆమ్లవాయువు వెడలును. పాలిస్టిరీన్ పొగయును మంచిది కాదు.

పీఠము పోయిన బొమ్మ నిలుచుటెట్లు? సన్నని చేతిబరమాతో మడమనుండి కాలిలోనికి తొలిచి, అరమిల్లీమీటరు ఇత్తడి తీగముక్కను దించి, దృశ్యపు నేలలో దానికి సరిపడు రంధ్రము చేయవలెను. పాలిథీన్‌కు మామూలు జిగురు గట్టిగా పట్టదు గనుక దానికి ఈ తీగయే ఆధారము.

ఇంతయు చెప్పిన పిదప, మా అభిప్రాయమున సగము బొమ్మలకు ఈ కోత అక్కరలేదు. సిమెంటు ప్లాట్‌ఫారము, బండలు పరచిన వీధి, ఇంటిలోని గచ్చు, ఇట్టి గట్టినేలపై నిలుచు బొమ్మకు పీఠము తీయక తప్పదు. మన్ను, ఇసుక, గడ్డి, కంకర ఉన్నచోట మాత్రము కొలువు తల్లుల ఉపాయమే ఉత్తమము. పీఠమంత గుంట తీసి, దానిని అందులో దించి, నేలను బూట్ల అంచువరకు తెచ్చిన చాలును.

మా స్టేషనులో నలుగురు ప్రయాణికులకు పైన చెప్పిన రీతిగానే పీఠములు తీసితిమి. ఒక్కొక్కరికి ఒక సాయంకాలము పట్టినది. పాదములు పోయిన కూలీని పార్సెలు మూటల వెనుక మోకాళ్ళవరకు దాచితిమి; తెలియనివారు వాని లోపమును కనిపెట్టలేరు. గార్డు వంతు వచ్చునప్పటికి మాకు చేయి ఆడలేదు. బ్లేడును తీసి డబ్బాలో పెట్టి, ప్లాట్‌ఫారము దాటినచోట పట్టాల ప్రక్క కంకరలో గుంట తీసితిమి. పీఠమును అందులో దించి, నీరు కలిపిన తెల్లజిగురుతో సన్నని రాతిపొడిని బూట్ల అంచుల చుట్టును అతికితిమి. చివరి పెట్టె ప్రక్కన ఆయన జెండా ఎత్తి నిలిచియున్నాడు.